గొట్టం మీద పసుపు చుక్క

మా చెల్లెలి కారులో హీటరు పని చేయడం లేదంటే అది అబద్ధం అవుతుంది. పని చేస్తుంది, బల్ల మీద తల వాల్చి కునికే గుమాస్తా చేసినంత. గాలి బుసలు కొడుతూ వస్తుంది, చప్పుడుకేం తక్కువ లేదు, తీరా చెయ్యి అడ్డం పెడితే నోటితో ఊదుకున్నంత వేడి కూడా తగలదు. అద్దాల మీద మంచు గీకీ గీకీ దాని చేతులు పగిలిపోయాయి. పళ్ళు కూడా సరిగా రాని చంటిదాన్ని దుప్పట్లలో చుట్టి వెనక సీట్లో కట్టి, వెలుగు రాకముందే బయల్దేరుతుంది. ఊరి ఆ చివర పిల్లల్ని చూసుకునే ఆవిడ దగ్గర దాన్ని దింపి, అక్కణ్ణుంచి ఆసుపత్రికి పోతుంది. ఆసుపత్రి దుప్పట్లూ పక్కగుడ్డలూ ఉతికే చోట దాని ఉద్యోగం. పగలంతా ఆవిరిలో ఉడకడం, రాకపోకల్లో కారులో గడ్డకట్టడం. పిల్లకైతే చలి మొదలైనప్పటి నుంచీ దగ్గు వదల్లేదు.

ఈ సంగతంతా మొన్న ఫోనులో చెప్పింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నావే? మీ అక్కకి బండ్లు బాగుచేసే షెడ్డుందని మర్చిపోయావా?"

"నీకు పనులెక్కువ కదక్కా."

మా చెల్లెలు నా పనుల మీద జాలిపడటం నాకు బుద్ధి తెలిశాక అదే మొదటిసారి. అక్కడే నాకు అనుమానం రావాల్సింది. రాలేదు. నిద్ర లేక దాని బుర్ర పని చేయడం లేదనుకున్నాను.

అసలు ఆ కారు అది కొన్నదే నా మాట మీద. నా మాటేమో మా ఆయన మాట మీద. కారు మా మరిదిది. మా ఆయనకి ఒక్కడే తమ్ముడు, నాకు ఒక్కతే చెల్లెలు. మరిది కొత్త బండి తీసుకుంటూ పాతది అమ్మకానికి పెట్టాడు. చెల్లెలు చంటిదాన్నేసుకుని బస్సుల్లో తిరగలేక ఏదో ఒక బండి కోసం వెతుకుతోంది. ఇంట్లో కారు ఇంట్లోనే ఉంటుందని అందరం సంబరపడ్డాం. అయినా నేను ఊరుకోలేదు. "పాత బండి, ఒకసారి విప్పి చూడు" అని మా ఆయన్ని పంపించాను. చూసొచ్చి, చేతులు కడుక్కుంటూ, "నడిపి చూశాను, విని చూశాను. ఒక్క క్లాంపు కూడా విప్పలేదు, విప్పాల్సిన పనే లేదు. ఇంజను పిల్లిలా ఉంది" అన్నాడు. నేను అక్కడే నిలబడి చెల్లెలికి ఫోను చేశాను. "మీ బావ చూశాడు. కళ్ళు మూసుకుని కొనుక్కో" అన్నాను. అది నిజంగానే కళ్ళు మూసుకుని కొనుక్కుంది.

మా షెడ్డు నాన్న కట్టింది. రేకుల కప్పు, పైకెత్తి తోస్తే గానీ కదలని తలుపు, మూలన ఇనప పొయ్యి, దాని పక్కన ఒక అద్దాల గది, అందులో రెండు కుర్చీలు. నాన్న దగ్గర పని నేర్చుకున్నది నేనూ, మా ఆయనా. అప్పటికింకా ఆయన మా ఆయన కాదనుకోండి. ఒకే స్పానరు కోసం కొట్టుకుంటూ పని నేర్చుకున్నవాళ్ళం కాబట్టి పెళ్ళయ్యాక కూడా నేనాయన్ని 'నువ్వు' అనే అంటాను. నలుగురిలో మాత్రం 'మీరు'. ఎవరో ఒకరు గుమ్మం తొక్కగానే నా నోట్లో నువ్వు మీరైపోతుంది. ఆయనకి అదొక వేడుక. "నువ్వు నన్ను మీరన్నావంటే నా వెనక ఎవరో వచ్చారన్నమాట" అని నవ్వుతాడు.

నాన్న పెట్టిన పద్ధతి ఒకటుంది. ఎవరు ఏది బిగించినా, బోల్టు గానీ గొట్టానికి వేసే క్లాంపు గానీ, బిగించాక దాని మీద తమ రంగు చుక్క పెట్టాలి. సగం స్క్రూ మీద, సగం పట్టీ మీద పడాలి చుక్క. వదులైతే చుక్క రెండు ముక్కలై తెలిసిపోతుంది. అది పైకి చెప్పే కారణం. అసలు కారణం వేరు, బిగించింది ఎవరో తెలియాలి. నాన్నది ఎరుపు, నాది ఆకుపచ్చ, మా ఆయనది పసుపు. "చుక్క పెట్టావంటే మాటిచ్చావన్నట్టే" అనేవాడు నాన్న. నాన్న పోయాక ఎరుపు సీసా ఎండిపోయింది, పద్ధతి మాత్రం నిలిచింది. మా ఆయనకైతే అది ఒంట్లో చేరిపోయింది. వంటింట్లో కొళాయి బిగించినా, కుర్చీ కాలు బిగించినా, చెయ్యి దానంతటదే జేబులోకి పోయి సీసా తీస్తుంది. ఒకసారి పక్కింటివాళ్ళ ఊయల బిగించి దానికీ చుక్క పెట్టొచ్చాడు. నిద్రలో నా ముక్కు బిగించి చుక్క పెడతావేమో అని ఎన్నిసార్లు ఏడిపించానో.

ఆ రోజు పొద్దున చెల్లెలు వస్తుందని చెప్పగానే మా ఆయన తాగుతున్న టీ పక్కన పెట్టాడు.

"హీటరే కదా. నేను చూస్తాలే, నువ్వు ముట్టుకోకు."

"ఏం, నేను ముట్టుకుంటే కరుస్తుందా?"

"అది కాదు. నీకు గేరుబాక్సు పనుందిగా. సామాన్ల కొట్టుకెళ్ళి వచ్చేస్తా. వచ్చాక నేనే చూస్తా. గాలి పట్టుంటుంది, అంతకంటే ఏం లేదు."

బండి ఇంకా ఊరి మధ్యలో ఉండగానే జబ్బు పేరు చెప్పేశాడు. ఎంత అనుభవం అని నేను లోపల్లోపల మురిసిపోయాను కూడా. ఇప్పుడు తలుచుకుంటే నా తల నేనే గోడకేసి కొట్టుకోవాలనిపిస్తుంది.

చెల్లెలు ఒక్కతే వచ్చింది. సెలవు రోజు, చంటిదాన్ని వాళ్ళాయన దగ్గర వదిలింది. ముక్కు ఎర్రగా ఉంది, చేతికి తొడుగులు తీయలేదు. మామూలుగా అయితే షెడ్డులోకి అడుగు పెడుతూనే నా జుట్టు మీదో, నా నూనె మరకల మీదో ఒక వెటకారం విసురుతుంది. ఆ రోజు ఏమీ లేదు.

"టీ తాగుతావా?"

"వద్దక్కా."

"పొయ్యి దగ్గర కూర్చో, పో. గడ్డకట్టిపోయావు."

"ఫర్లేదు. నువ్వు చేస్తుంటే చూస్తా."

మా ఆయన కోసం ఆగుదామనే అనుకున్నాను. కానీ చెల్లెలి పెదాలు నీలం తిరిగి ఉన్నాయి, పైగా నా కోపం ముక్కు మీద ఉండదు, చేతుల్లో ఉంటుంది. ఊరికే కూర్చోవడం నా వల్ల కాదు. బానెట్ ఎత్తేశాను.

దాన్ని సీట్లో కూర్చోబెట్టి ఇంజను వేయించాను. ముందు గాలి. ఫ్యాను అన్ని మీటల దగ్గరా బాగానే తిరుగుతోంది, గాలికి లోటు లేదు. తర్వాత నీళ్ళు. ఇంజను చుట్టూ తిరిగే రంగునీళ్ళే హీటరుకి వేడి మోసుకెళ్ళేది, అవి తక్కువైతే హీటరు పడుకుంటుంది. చూస్తే నీళ్ళు గీత దాకా ఉన్నాయి. వేడి చూపించే ముల్లు మెల్లగా లేచి మధ్యలో నిలబడింది, అంటే థర్మోస్టాటు సరిగ్గానే ఉంది. లోపల వేడికీ చల్లకీ మధ్య తిప్పే మీట తీగ తెగిందేమోనని కింద తల దూర్చి చూశాను. తీగ కదులుతోంది, దానితోపాటు రేకు తలుపూ కదులుతోంది.

"ఇప్పుడు వేడొస్తోందా?"

"లేదక్కా."

మా ఆయన మాట గుర్తొచ్చి గాలి కూడా తీశాను. ముందు చక్రాలు జాకీ మీద ఎత్తి, కాస్త చల్లారనిచ్చి రేడియేటరు మూత తీసి, ఇంజను మెల్లగా తిప్పుతూ లోపల పట్టిన గాలి బుడగలుగా పోయేదాకా నిలబడ్డాను. పోవాల్సినంత గాలే లేదు లోపల.

"ఇప్పుడు?"

"లేదు. ఏమైందక్కా? ఏదున్నా చెప్పు, నా దగ్గర దాచకు."

"దాచడానికి ఇందులో ఏం నిధులున్నాయే?" అన్నాను. అది నవ్వలేదు.

ఇక మిగిలింది గొట్టాలు. ఇంజను వెనక, లోపలి గోడలోకి దూరే చోట రెండు రబ్బరు గొట్టాలుంటాయి. ఒకటి వేడినీళ్ళు హీటరుకి తీసుకెళ్ళేది, రెండోది వెనక్కి తెచ్చేది. రెండూ వేడిగా ఉండాలి. చెయ్యి పెట్టాను. మొదటిది చుర్రుమంది. రెండోది చెమటపట్టిన అరచెయ్యిలా గోరువెచ్చగా ఉంది. అంటే హీటరులోని చిన్న రేడియేటరు పూడిపోయింది, నీళ్ళు లోపలికి పోవడానికి దారి లేదు. జబ్బు దొరికింది. నాకు హుషారొచ్చింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. గొట్టాలు రెండూ విప్పి, నీళ్ళ పైపు పెట్టి ఎదురు కడిగితే సగం రోజులో తేలిపోయే పని.

"నువ్వెళ్ళి అద్దాల గదిలో కూర్చో. నీళ్ళు చిమ్ముతాయి" అన్నాను. ఈసారి మాట విని వెళ్ళింది. వెళ్ళి, కుర్చీని నా వైపు తిప్పుకుని కూర్చుంది.

ఇంజను చల్లారనిచ్చి, మొదటి గొట్టానికి చుట్టిన గుడ్డ విప్పాను. వేడి తగలకుండా చుట్టే మందపాటి గుడ్డ అది. దాని కింద గొట్టం పాతదే, పగుళ్ళు తేలి ఉంది. క్లాంపు మాత్రం తళతళలాడుతోంది. కొత్తది. స్క్రూ మీద సగం, పట్టీ మీద సగం, పసుపు చుక్క.

కాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయాను. తర్వాత బొటనవేలితో రుద్దాను. పోలేదు.

నేనే ఆయన తరఫున వకీలునైపోయాను. ఎప్పుడో పాతకాలంలో బిగించి ఉంటాడు. కాదు, మెరుపు చూస్తేనే తెలుస్తోంది, ఆ క్లాంపు మూడు కాలాలు చూసింది కాదు. చూడ్డానికి వెళ్ళినప్పుడు వదులుగా ఉంటే మార్చి ఉంటాడు, మర్చిపోయి విప్పలేదని అని ఉంటాడు. క్లాంపు మార్చిన సంగతి మర్చిపోయే మనిషి కాదాయన. పోయినేడాది ఏ కస్టమరుకి ఏ వాషరు వేశాడో అన్నం తింటూ చెప్పగలడు. సరే, తమ్ముడి బండి కాబట్టి ఎప్పుడో ఏదో సాయం చేసి ఉంటాడు. చేస్తే చెప్పొచ్చుగా? ఒక్క క్లాంపు కూడా విప్పలేదని నా మొహం మీద ఎందుకన్నాడు?

కడగడం మొదలుపెట్టాను. చేతులకి పని ఉంటే బుర్ర ఊరుకుంటుందని. తెల్ల తొట్టి మొదటి గొట్టం కింద పెట్టి, రెండో గొట్టంలోంచి నీళ్ళు వదిలాను. మొదట ఏమీ రాలేదు. తర్వాత తుప్పు రంగు నీళ్ళు బొట్లుబొట్లుగా కారాయి. ఇంకొంచెం వదిలేసరికి తపుక్కుమని ఒక బూడిదరంగు ముద్ద తొట్టిలో పడింది. దాని వెనక ఇంకో ముద్ద. వేళ్ళ మధ్య నలిపి వెలుతురులో పెట్టాను. ముద్ద నిండా సన్నని రాగిరంగు మెరుపులు.

లీకు పొడి.

ఈ పొడి సంగతి రెండు మాటల్లో చెప్తాను. ఇంజను పైభాగానికీ కింది భాగానికీ మధ్య గ్యాస్కెట్టు అనే పల్చటి రేకు ఉంటుంది. అది చిరిగితే ఇంజను తన నీళ్ళు తనే తాగేస్తుంది. బాగు చేయాలంటే ఆ పైభాగాన్ని, అంటే ఇంజను తలంతా విప్పాలి, పెద్ద పని. విప్పడం ఇష్టం లేనివాళ్ళు నీళ్ళలో ఈ పొడి పోస్తారు. అది పోయి చిల్లు దగ్గర గడ్డకట్టి మూసేస్తుంది. కానీ చిల్లేదో దారేదో పొడికేం తెలుసు? సన్నగా ఉన్న ప్రతిదాన్నీ మూసేస్తుంది. హీటరులో దారులు అన్నిటికంటే సన్నం, ముందు అక్కడే పేరుకుంటుంది. పొడి నేరుగా ఇంజనులోకి పోవాలంటే రేడియేటరు మూతలోంచి పోయకూడదు, హీటరు గొట్టం విప్పి అందులోంచి పోయాలి. అది తెలిసినవాళ్ళు చేసే పని. బాగా తెలిసినవాళ్ళు.

చిల్లు మీద పొడి వేసిన ఆ మూత ఎన్నాళ్ళుంటుందో ఎవరూ చెప్పలేరు. ఏదో ఒక పొద్దున అది ఊడుతుంది. అప్పుడు ఆ బండి మనుషుల్లేని రోడ్డు మీద పొగలు కక్కి ఆగిపోతుంది, వెనక సీట్లో దగ్గుతున్న చంటిది, ముందు సీట్లో నా చెల్లెలు.

నీళ్ళ పైపు కట్టేశాను.

అంతలో తలుపు పైకెత్తిన చప్పుడైంది. మా ఆయన సంచీతో లోపలికొచ్చాడు. ఎత్తిన బానెట్టూ, జాకీ మీది చక్రాలూ, తొట్టీ, నేనూ ఒకదాని తర్వాత ఒకటి కనిపించినట్టున్నాయి. సంచీ కింద పెట్టకుండా అలాగే నిలబడిపోయాడు. అద్దాల గదిలో చెల్లెలు మమ్మల్నే చూస్తోంది. అక్కడికి మాట వినపడదు.

"నేను చూస్తానన్నాగా" అన్నాడు.

"చూశావుగా. నాకంటే ముందే చూశావు."

క్లాంపు తీసి ఆయన అరచేతిలో పెట్టాను. చుక్క పైకి కనపడేలా పెట్టాను. దాన్ని చూసి ఆయన మొహంలోకి వచ్చింది సిగ్గు కాదు. తన చెయ్యి మీద తనకే కోపం. చుక్క పెట్టకుండా ఉండాల్సింది అన్న కోపం. అది నాకు స్పష్టంగా కనిపించింది, కనిపించకుండా ఉంటే బాగుండేది.

"అది... ఊరికే వదులుగా ఉంటే..." అని నీళ్ళు నమిలాడు.

"తొట్టిలో చూడు."

చూడలేదు. చూడాల్సిన అవసరం లేదు కదా, పోసింది ఆయనే.

"వాడు కాళ్ళావేళ్ళా పడ్డాడే" అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. "బండి వేడెక్కిపోతోంది, ఎవరూ కొనడం లేదన్నాడు. కొత్త బండికి మాటిచ్చేశాడు. నేనేం చెయ్యను? నా తమ్ముడు."

"అది నా చెల్లెలు."

"నీ చెల్లెలని తెలిసే కదా! బయటివాళ్ళకి అమ్మితే మెడ మీద కూర్చుంటారు. మనవాళ్ళయితే అర్థం చేసుకుంటారు. ఏదైనా అయితే మన షెడ్డుకేగా వస్తుంది. చలికాలం దాటాక నేనే తల విప్పి కొత్త గ్యాస్కెట్టు వేద్దామనుకున్నా. ఒట్టు. దానికి చెప్పకుండానే చేసేద్దామనుకున్నా."

మనవాళ్ళట. గొంతు కోయడానికి మనవాళ్ళే దొరికారు, ఎందుకంటే మనవాళ్ళు అరవరు. నాకు గట్టిగా అరవాలనిపించింది. నా గొంతు ఎంత పెద్దదో ఈ వీధంతా తెలుసు. అద్దాల వెనక చెల్లెలుందని ఆపుకున్నాను. ఇన్నేళ్ళు పక్కపక్కన ఒకే బండి కింద పడుకుని పని చేశాం. ఆయన జాకీ పెట్టాడంటే నేను చూసుకోకుండా కిందికి దూరేదాన్ని.

"నన్ను ఫోను చేయనిచ్చావు" అన్నాను. "పక్కనే నిలబడి చేతులు కడుక్కుంటూ విన్నావు. మీ బావ చూశాడు, కళ్ళు మూసుకుని కొనుక్కో అన్నాను. అప్పుడు కూడా నీ నోరు లేవలేదు."

"ఇప్పుడు కడిగేశావుగా. వేడొస్తుంది. గాలి పట్టింది, తీసేశానని చెప్పు. ఆదివారం బండి తెప్పించి తల నేను విప్పేస్తా. దానికెందుకీ గొడవంతా? మన ఇద్దరి మధ్యే ఉంటుంది." ఆ మాటంటూ నా భుజం మీద చెయ్యి వేయబోయాడు. వెనక్కి జరిగాను.

నిజం చెప్పాలి. ఒక్క క్షణం, గాలి పట్టింది అన్న మాట నా నాలుక మీదకి వచ్చింది. ఎంత తేలిక! ఆదివారం దాకా ఎన్ని రోజులు? బండి బాగవుతుంది, ఆయన పరువు దక్కుతుంది, చెల్లెలికి బావ మీద గౌరవం అలాగే ఉంటుంది, నా కాపురం అలాగే ఉంటుంది. అద్దాల వైపు చూశాను. చెల్లెలు తొడుగులు తీసి ఒళ్ళో పెట్టుకుని, మెడ ముందుకి చాచి, చిన్నప్పుడు పరీక్ష ఫలితాలకి గోడ దగ్గర నిలబడ్డట్టు చూస్తోంది.

తొట్టి ఎత్తుకుని ఆ గదిలోకి వెళ్ళాను. వెనకనించి ఆయన ఏదో అన్నాడు, వినలేదు.

తొట్టి దాని కాళ్ళ దగ్గర పెట్టి, ఎదురు కుర్చీలో కూలబడ్డాను.

"అమ్మడూ, ఈ బండి మంచిది కాదు. కొనకముందే ఇంజను పాడైంది. పాడైనట్టు తెలియకుండా ఇదిగో, ఈ పొడి పోశారు. దానివల్లే హీటరు పూడిపోయింది. పోసింది మీ బావ. నాకు ఇప్పుడే, ఈ పూటే తెలిసింది. ఆ క్లాంపు మీద ఆయన చుక్క ఉంది. నా మాట మీద కొన్నావు, నా మాట తప్పు. ఈ బండి నడపొద్దు, ఇంటికి కూడా నడపొద్దు."

అది అరుస్తుందనుకున్నాను. బావని తిడుతుందనుకున్నాను. తొట్టిలోకి తొంగి చూసి, తల ఊపింది. అంతే. ఆశ్చర్యం లేదు ఆ మొహంలో.

"నాకు తెలుసక్కా."

"ఏం తెలుసు?"

"పొడి సంగతి. చలి మొదట్లోనే తెలుసు. మా ఆసుపత్రి వెనక ఒక షెడ్డుంది, అక్కడ చూపించా. అక్కడి మెకానిక్కు రేడియేటరు అడుగునున్న నీళ్ళు కొంచెం పట్టి చూపించాడు, మెరుస్తూ ఉంది పొడి. అమ్మేముందు ఎవరో పనితెలిసినవాళ్ళే పోశారన్నాడు. మా అక్కావాళ్ళకి షెడ్డుంది, వాళ్ళే చూసి కొనిపించారు అని చెప్పా." ఒళ్ళో తొడుగులు మడిచింది. "షెడ్డున్నవాళ్ళకి ఇది కనపడకుండా ఎలా ఉంటుందమ్మా అన్నాడు."

తొట్టిని కాలితో పక్కకి జరిపాను.

"నీకు తెలిసే కొనిపించావనుకున్నా అక్కా. మీరిద్దరూ కలిసే చేశారనుకున్నా."

"నేనా? నేను అలా చేస్తానా? ఎలా అనుకున్నావే?" గొంతు వచ్చేసింది నాకు, గది అద్దాలు అదిరేలా. "అడగొచ్చుగా! ఫోను చేసి తిట్టొచ్చుగా! ఇన్నాళ్ళూ ఆ చలిలో, పసిదాన్నేసుకుని..."

"అడిగితే నువ్వు అబద్ధం చెప్తే? గాలి పట్టింది, అది పట్టింది, ఇది పట్టింది అంటే? అప్పుడు నాకు అక్క కూడా ఉండదు. అడక్కపోతే ఉన్నట్టే కదా." మెల్లగా అంది, నన్ను నొప్పించడం ఇష్టం లేనట్టు. "మొన్న చంటిది దగ్గీ దగ్గీ ఊపిరి అందక నీలంగా అయిపోయింది. ఇక తేల్చేసుకుందామని ఫోను చేశా. హీటరు బాగవ్వాలని రాలేదు. నువ్వేం చెప్తావో విందామని వచ్చా."

గాలి పట్టింది అన్న మాట నా నాలుక మీదకి వచ్చి పోయిన సంగతి దానికి చెప్పలేదు. చెప్పలేను.

చలికాలమంతా నా చెల్లెలు ఆ చల్లటి బండిలో కూర్చుని ప్రతి పొద్దునా నన్ను తలుచుకుంది. అద్దం మీద మంచు గీకుతూ తలుచుకుంది, పిల్ల దగ్గుతుంటే తలుచుకుంది. మా అక్క నన్ను మోసం చేసింది అని. నేను ఈ పొయ్యి పక్కన వెచ్చగా టీ తాగుతూ, అది ఈమధ్య ఫోను చేయడం లేదేంటి, పొగరు పెరిగింది దీనికి, అని ఆయనతో చెప్పుకుని నవ్వాను. ఆయన కూడా నవ్వాడు. తెలిసి నవ్వాడు.

నాకు ఏడుపొచ్చింది. నూనె చేతులతో మొహం తుడుచుకుంటే చెల్లెలు తన చేతిగుడ్డ అందించింది.

"మొహమంతా మసి చేసుకున్నావు" అంది. ఆ రోజు అది విసిరిన మొదటి వెటకారం అదే. తర్వాత, "టీ ఉందా?" అని అడిగింది.

టీ తాగి, నా వ్యాను తాళాలు తీసుకుని వెళ్ళింది. వ్యాను హీటరు మనిషిని వేపుతుంది, కిటికీ కొంచెం తెరుచుకో, పిల్లకి చెమట పట్టనీకు అని చెప్పాను. గుమ్మం దగ్గర ఆగి నా మోచెయ్యి పట్టుకుని వదిలింది. పూర్తిగా నమ్మిందో లేదో నాకు తెలియదు. ఇన్ని రోజుల చలి ఒక్క పూటలో పోదు.

అది వెళ్ళేదాకా మా ఆయన వెనక గోడ దగ్గర సామాన్లు సర్దుతూ మొహం చాటేశాడు. వ్యాను చప్పుడు వీధి మలుపు దాటాక వచ్చాడు.

"చెప్పేశావా?"

నేను ఇంజను తల విప్పడానికి స్పానర్లు తీసుకుంటున్నాను.

"ఇప్పుడు నా మొహం దానికెలా చూపించను? నా సంగతి ఒక్కసారన్నా ఆలోచించావా?" స్పానర్ల కోసం చెయ్యి చాచాడు. "సరే. అయిందేదో అయింది. జరుగు, తల నేను విప్పుతా. నువ్వు కొత్త గ్యాస్కెట్టు సంగతి చూడు." ఎప్పటిలాగే చొక్కా చేతులు మడుచుకుని బండి మీదకి వంగాడు. ఎప్పటిలాగే ఆయన చెయ్యి జేబులోకి పోయి, పసుపు సీసా తీసి, అందేలా బ్యాటరీ మీద పెట్టుకుంది.

నేను ఆ సీసా తీసి ఆయన సంచీలో వేశాను. సంచీ ఆయన చేతికిచ్చాను.

"ఈ బండి నేను చేసుకుంటాను" అన్నాను. "మీరు మీ తమ్ముడింటికి వెళ్ళండి."

ఆయన వెంటనే వెనక్కి తిరిగి గుమ్మం వైపు చూశాడు, ఎవరో వచ్చారనుకుని. గుమ్మంలో ఎవరూ లేరు.